పావు డాలరు ఫోటో

మొన్న పాత హార్డ్ డిస్కులు సర్దుతుంటే 2008 ఫిబ్రవరి అని పేరు పెట్టిన ఫోల్డర్ ఒకటి బయటపడింది. లోపల 214 ఫోటోలు. అన్నీ పెదనందిపాడు దగ్గర మా పెద్దత్త వాళ్ల కల్లంలో ఒక్క పొద్దున తీసినవే. కల్లం నిండా ఎండు మిరపకాయలు, మధ్యలో అత్త గొంతుక్కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. ఘాటు తగలకుండా మూతికి తువ్వాలు కట్టుకుంది. ఒక్కొక్కటే తెరిచి చూస్తూ కూర్చున్నాను. ఇంట్లో రెండుసార్లు భోజనానికి పిలిచారట, నాకు వినపడలేదు.

ఆ 214లో ఒక ఫోటో చాలా దేశాలు తిరిగింది. ఎన్ని దేశాలో నాకే పూర్తిగా తెలియదు. అది మొదటిసారి అమ్ముడుపోయినప్పుడు నాకొచ్చింది మాత్రం బాగా గుర్తు. పావు డాలరు. అప్పటి మారకంలో 12 రూపాయలు.

ఈ సంగతి రాయాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను. రాయాలంటే మా నాన్న దగ్గర మొదలుపెట్టాలి.

నాన్నకి చిలకలూరిపేట బజార్లో స్టూడియో ఉండేది. ముందు గదిలో నిలువుటద్దం, దువ్వెన, పౌడరు డబ్బా. లోపలి గదిలో మెట్లూ పూలకుండీలూ రంగులతో వేయించిన తెర. దాని వెనక డార్క్ రూమ్. ఎర్ర బల్బు వెలుతుర్లో, ట్రేలో తెల్ల కాగితం మీద మనిషి మొహం మెల్లగా తేలడం మొదటిసారి చూసినప్పుడు నాకు ఆరేళ్లు. ఆ హైపో (ఫోటోలు కడిగే మందు) వాసన ఎక్కడైనా తగిలితే ఇప్పటికీ నాన్న పక్కనే నిలబడ్డట్టు ఉంటుంది. ఊటీలో హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్లు చేసే 'ఇందు' ఫిల్మ్ వాడేవాడు. ఆ ఖాళీ పెట్టెలే నా ఆటవస్తువులు.

నాన్న ప్రతి నెగెటివ్‌కీ ఒక నంబరు వేసేవాడు. సన్న కవర్లో పెట్టి, లెడ్జరులో పేరు, ఊరు, తేదీ రాసేవాడు. పదేళ్ల తర్వాత ఎవరో వచ్చి "మా అమ్మ పోయిందయ్యా, ఎప్పుడో మీ దగ్గర ఫోటో దిగింది" అంటే, లెడ్జరు తిరగేసి, స్టూలెక్కి ఆ కవరు వెతికి తీసేవాడు. ఆ కాపీకి డబ్బు పుచ్చుకునేవాడు కాదు. మిగతా పనికి మాత్రం చెప్పిన రేటులో పైసా తగ్గేవాడు కాదు. పాస్‌పోర్ట్ ఫోటోకి బేరమాడినా సరే, "ధర నేను చెప్పాలి, నచ్చితే మీరు దిగాలి" అనేవాడు. కోపంగా కాదు, మామూలుగానే.

1984 శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభలు తీశాడు. యాషికా మ్యాట్ కెమెరా, రంగుల స్లైడ్ ఫిల్మ్. రోలుకి పన్నెండే ఫ్రేములు. కడిగించడానికి మద్రాసు పంపాలి. పన్నెండులో ఒకటి అద్భుతంగా వచ్చింది. సాయంత్రపు ఎండ ప్రభ మీద ఏటవాలుగా పడుతోంది, కింద ఎడ్లు, వెనక కొండ. శివకాశి క్యాలెండర్ల ఆర్డర్లకని తిరిగే ఏజెంటు ఒకాయన దాన్ని చూసి కావాలన్నాడు. నాన్న 400 అడిగాడు. ఆయన 200 అన్నాడు. స్టూడియో ముందు బల్ల మీద కూర్చుని, రెండుసార్లు టీ తాగి, చివరికి 350కి ఒప్పుకున్నారు. అక్కడితో అయిపోలేదు. నాన్న ఒక కాగితం మీద రాయించుకున్నాడు: 1985 క్యాలెండరుకి మాత్రమే. మళ్లీ వేస్తే మళ్లీ డబ్బు. పని కాగానే స్లైడు రిజిస్టర్ పోస్టులో వెనక్కి రావాలి. స్లైడు నిజంగానే వెనక్కి వచ్చింది, రెండు క్యాలెండర్లతో కలిసి. ఆ కాగితం, ఆ స్లైడు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి.

చాలా ఏళ్ల తర్వాత నేను ఈ వ్యాపారంలోకి వచ్చాక తెలిసింది, నాన్న రాయించుకున్న దాన్నే పెద్ద పెద్ద ఫోటో ఏజెన్సీలు 'రైట్స్ మేనేజ్డ్' అంటాయని. ఎక్కడ వేస్తారు, ఎంత సైజులో, ఎన్ని కాపీలు, ఎంత కాలం, ఇవన్నీ అడిగి దాన్నిబట్టి ధర కట్టడం. పేటలో చిన్న స్టూడియో పెట్టుకున్న మనిషికి అది ఎవరూ నేర్పలేదు.

నా రోజులు వచ్చేసరికి స్టూడియోలో డార్క్ రూమ్ సామాన్ల గది అయిపోయింది. నేను పెళ్లిళ్లు తీసేవాణ్ణి. కంప్యూటర్లో డిజైన్ చేసి పుస్తకంలా అచ్చేసే కరిష్మా ఆల్బమ్‌ల కాలం అది. 2007లో అప్పు చేసి నికాన్ డీ80 కెమెరా కొన్నాను. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పనిచేసే ఒక ఫ్రెండు ఒకరోజు ఫోన్ చేసి, "నువ్వు ఊళ్లో తీసే ఫోటోలు ఇంటర్నెట్‌లో అమ్మొచ్చురా, అమెరికా వాళ్లు డాలర్లలో కొంటారు" అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇలా ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టేవాటిని స్టాక్ ఫోటోలంటారు. వాటిని అమ్మిపెట్టే ఏజెన్సీలో చేరడానికి పరీక్ష ఉండేది. పది ఫోటోలు పంపాలి, ఏడు పాసవ్వాలి. మొదటిసారి నాలుగే అయ్యాయి. మళ్లీ పంపాలంటే నెల ఆగాలి. ఫోటోని నూటికి నూరు శాతం పెద్దది చేసి, మూలమూలా చూసుకోవడం ఆ నెల్లోనే నేర్చుకున్నాను. నీడల్లో నాయిస్, అంటే ఇసక చల్లినట్టు చుక్కలు, ఉండకూడదు. చొక్కా మీద కంపెనీ గుర్తు కనపడకూడదు. వెనక గోడ మీద సిమెంటు ప్రకటన ఉంటే కూర్చుని ఒక్కో అక్షరం చెరపాలి. మన ఊళ్లలో సిమెంటు ప్రకటన లేని గోడ దొరకడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. రెండోసారి ఎనిమిది పాసయ్యాయి. నాన్నకి చెబితే, "ఎంతిస్తారంట?" అని ఒక్కటే అడిగాడు. ఇంకా తెలియదన్నాను. ఆయన ఏమీ అనలేదు.

ఇక అత్త ఫోటో. జనవరి నుంచి మార్చి దాకా మా వైపు ఎక్కడ చూసినా కల్లాల్లో మిరపకాయలే. అత్త వాళ్లకి రెండెకరాలు. కూలీలు కోసి కల్లంలో పోస్తే, ఎండబెట్టడం, తిరగబోయడం, తాలు ఏరడం అన్నీ అత్త చూసుకునేది. తాలు అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. అవి కలిస్తే గుంటూరు యార్డులో మొత్తం టిక్కీకే, అంటే బస్తాకే, ధర పడిపోతుంది. అందుకని కళ్లు మండుతున్నా కూర్చుని ఏరాల్సిందే. నేను ఆరున్నరకల్లా వెళ్లాను. మంచు ఇంకా పూర్తిగా విడవలేదు. ఎండ నేల బారున వస్తోంది, ఒక్కో కాయకీ పక్కన ఒక్కో సన్నటి నీడ. అత్త చేతులు అటూ ఇటూ చూడకుండా వాటంతటవే కదులుతున్నాయి. కాయని వేళ్ల మధ్య తిప్పి, చూడకముందే అది తాలో కాదో తెలిసినట్టు పక్కకి విసిరేస్తోంది. నేను మిరపకాయల మీద బోర్లా పడుకుని 50 ఎంఎం లెన్స్‌తో తీశాను. రెండు రోజులు మోచేతులు మండాయి.

మనిషి మొహం కనపడే ఫోటోని వ్యాపారానికి వాడుకునేలా అమ్మాలంటే మోడల్ రిలీజ్ కావాలి. మూడు పేజీల ఇంగ్లీషు ఫారం. ఈ ఫోటోని ఎక్కడైనా, ఎప్పటికైనా, దాదాపు ఏ పనికైనా వాడుకోవచ్చని ఫోటోలో ఉన్న మనిషి సంతకం పెట్టాలి. సాక్షి సంతకం కూడా. అత్తకి తెలుగులో చదివి చెప్పాను.

"ఎప్పటికైనా అంటే?" అంది.

"ఎప్పటికీ అత్తా."

"నేను పోయినాక కూడానా?"

"ఆఁ."

కాసేపు ఫారం వంక చూసి, "నువ్వే గదరా తీసింది, ఇంకెవడో కాదు గదా" అని, బియ్యం డబ్బా మీద కాగితం పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. మామయ్య సాక్షి సంతకం చేశాడు. నా మీద నమ్మకంతో పెట్టిన సంతకం అది. ఏజెన్సీ ఏంటో, లైసెన్స్ ఏంటో ఆమెకి తెలియదు, నాకు మాత్రం ఎంత తెలుసని!

ఫోటోతో పాటు యాభై దాకా కీవర్డ్‌లు ఇవ్వాలి. కొనేవాళ్లు వెతికేది వాటితోనే. ఇండియన్, వుమన్, సీనియర్, రూరల్, ఫార్మర్, రెడ్, చిల్లీ, స్పైస్, డ్రై, హార్వెస్ట్, ఆసియా... ఇంగ్లీషు డిక్షనరీ పక్కన పెట్టుకుని రాత్రి ఒంటిగంట దాకా రాశాను. కల్లానికి మాట దొరకలేదు. తాలుకీ దొరకలేదు. చివరికి 47 మాటలు పోగయ్యాయి. అందులో అత్త పేరు లేదు, ఊరి పేరూ లేదు. ఆ రోజు అది నాకు తట్టనే లేదు.

నవంబరులో మొదటి అమ్మకం. సైట్‌లో ఒక ప్రపంచపటం ఉండేది, ఫోటో ఎక్కడ కొన్నారో అక్కడ చిన్న చుక్క పడేది. జర్మనీ మీద పడింది. మా ఆవిడని లేపి చూపించాను. పిల్లాడు చంకలో నిద్రపోతుంటే, ఇద్దరం ఆ చుక్క వంక ఎంతసేపు చూశామో! ఆ తర్వాత కొన్ని నెలలు రోజూ పొద్దున లేవగానే అదే పని. బ్రెజిల్‌లో ఒకటి, కెనడాలో ఒకటి, ఒకసారి ఐస్‌లాండ్‌లో. ఐస్‌లాండ్ వాళ్లకి మా పెద్దత్తతో ఏం పనిబడిందో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. ఆ సంతోషం అబద్ధం కాదు. డబ్బు ఎంతని అప్పుడు చూసుకోలేదు.

ఆ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అత్తకి చెప్పాను, నీ ఫోటో జర్మనీ వాళ్లు కొన్నారని. అరిసెలు వత్తుతోంది.

"ఎంతకి కొన్నారేంది?"

"12 రూపాయలొచ్చింది అత్తా."

చేతిలో పిండి అలాగే ఉంది. "కొన్నోడు అంతే ఇచ్చాడా?"

"వాడు ఎంతిచ్చాడో నాకు తెలియదు. ఏజెన్సీ తీసుకుని నాకు అంత ఇచ్చింది."

"మరి ధర నువ్వు చెప్పలా?"

"నేను చెప్పేది ఉండదత్తా. వాళ్లే పెడతారు."

"మన కాయలకీ అంతేగా" అంది అత్త. "టిక్కీలు తోలుకుపోయి యార్డులో దింపాక, ధర వాళ్లు చెబితే మనం వినటమే. నువ్వు చదువుకున్నావు గదా, నీకన్నా వేరేగా ఉంటదనుకున్నా."

ఆ మాట తర్వాత నేను లెక్కలు చూడటం మొదలుపెట్టాను. అప్పట్లో సబ్‌స్క్రిప్షన్ పద్ధతి ఎలా ఉండేదంటే, కంపెనీలు నెలకి 249 డాలర్లు కడితే రోజుకి 25 ఫోటోలు దింపుకోవచ్చు. నెలకి 750. అన్నీ దింపుకుంటే ఫోటో ఒక్కటి 33 సెంట్లకి పడుతుంది. కానీ ఎవరూ అన్నీ దింపుకోరు. యాభయ్యో వందో దింపుకుని మానేస్తారు. మిగిలిపోయినవాటి డబ్బు ఏజెన్సీదే. నాకు మాత్రం దించిన ఫోటోకి పావు డాలరు లెక్కే. ఆ డబ్బయినా వెంటనే చేతికి రాదు. ఒక మొత్తం పోగయ్యేదాకా ఆగాలి. పాన్ నంబరిచ్చి అమెరికా పన్ను ఫారం నింపితే అక్కడి అమ్మకాల మీద 15 శాతం కోత, నింపకపోతే 30. నాకు మొదటి చెల్లింపు అందేసరికి ఏడాదిన్నర పట్టింది.

'రాయల్టీ ఫ్రీ' అన్న మాట కూడా చాలామందికి తప్పుగా అర్థమవుతుంది. ఫోటో ఊరికే ఇస్తారని కాదు. ఒక్కసారి కొన్నవాళ్లు మళ్లీ మళ్లీ డబ్బు కట్టకుండా వాడుకోవచ్చని. నాన్న కాగితం మీద రాయించుకున్న ప్రతి షరతుకీ ఇది సరిగ్గా ఎదురు. ఏడాదీ లేదు, చోటూ లేదు, వెనక్కి రావడమూ లేదు.

ఈ ధరలు ఇంత కిందికి ఎలా వచ్చాయో తర్వాత చదివి తెలుసుకున్నాను. ఐస్టాక్‌ఫోటో అనే సైట్‌ని 2000లో కెనడాలోని కాల్గరీలో బ్రూస్ లివింగ్‌స్టోన్ మొదలుపెట్టాడు. మొదట్లో అది డిజైనర్లు ఒకరి ఫోటోలు ఒకరు ఉచితంగా ఇచ్చిపుచ్చుకునే చోటు. సర్వర్ల ఖర్చు పెరిగాక ఫోటోకి పావు డాలరు పెట్టారు. 2006లో గెట్టీ ఇమేజెస్ అనే పెద్ద ఫోటో ఏజెన్సీ దాన్ని 5 కోట్ల డాలర్లకి కొనేసింది. అదే ఏడాది వైర్డ్ పత్రికలో జెఫ్ హౌ రాసిన వ్యాసంతో క్రౌడ్‌సోర్సింగ్ (పనిని బయట ఉన్న జనం చేత చేయించుకోవడం) అనే మాట వాడుకలోకి వచ్చింది. ఆ వ్యాసం మొదట్లో చెప్పింది ఒక ఫోటోగ్రాఫర్ సంగతే. ఆయన ఒక మ్యూజియం వాళ్లకి ఫోటో ఒక్కటి 100 నుంచి 150 డాలర్లకి ఇస్తానన్నాడు, అది కూడా తగ్గించిన ధరే. వాళ్లకి అలాంటివే ఐస్టాక్‌లో ఒక్కో డాలరుకి దొరికాయి. ఇది చదివిన రోజు నాకు చాలా బాధేసింది. ఆ డాలరు ఫోటోలు పెట్టింది నాలాంటివాళ్లే. కొత్తగా కెమెరా కొని, చుక్కలు చూసి మురిసిపోయినవాళ్లే. ఆయన కూడు నేను చెడగొట్టాను, తర్వాత నాలాంటి ఇంకొకరు వచ్చి నాది చెడగొట్టారు.

2011లో మా చిన్నాన్న కూతురు న్యూజెర్సీ నుంచి ఒక ఫోటో పంపింది. ఇండియన్ స్టోర్‌లో కారం ప్యాకెట్. దాని మీద అత్త. తువ్వాలు, చేతులు, వెనక కల్లం, అన్నీ ఉన్నాయి. "అన్నయ్యా, ఇది మన పెద్దత్తే కదా!" అని రాసింది. లైసెన్స్ నిబంధనలు మొత్తం చదివాను. తప్పేమీ లేదు. ఏజెన్సీ మామూలు లైసెన్స్‌లోనే లక్షల ప్యాకెట్ల దాకా వేసుకోవచ్చు. ఏ అమ్మకం ఆ ప్యాకెట్‌దో కూడా నాకు తెలియదు, లెక్కలో అన్నీ ఒకేలా ఉంటాయి. తప్పు జరిగి ఉంటే గొడవ పెట్టుకునేవాణ్ణి. ఇక్కడ అంతా కాగితం ప్రకారమే జరిగింది, ఆ కాగితం నేనే ఒప్పుకున్నాను.

ప్యాకెట్ ఫోటో అత్తకి ఫోన్లో చూపించాను. డబ్బు సంగతి ఎత్తలేదు ఆమె. పేరు చదవమంది. కాశ్మీరీ మిర్చి పొడి అని ఉంది.

"మన కాయని పట్టుకుని కాశ్మీరం కాయంటాడా!" అని చాలాసేపు కోపంగా ఉంది. మా కల్లంలో ఉన్నది తేజ. సన్నగా, పొట్టిగా, నోట్లో పెట్టుకుంటే చెవుల్లోంచి పొగలొచ్చే కాయ. కాశ్మీరీ అంటే రంగుకే గానీ కారానికి కాదు. కొన్నవాడికి ఈ తేడా తెలియకుండా పోయిందంటే, 47 కీవర్డ్‌లు రాసిన నేను తేజ అన్న ఒక్క మాట రాయలేదు మరి.

2012 డిసెంబరులో గూగుల్ తన డ్రైవ్‌లో డాక్యుమెంట్లూ స్లైడ్లూ చేసుకునేవాళ్ల కోసం 5,000 కొత్త ఫోటోలు పెట్టింది. వాడుకునేవాళ్లకి ఉచితం. గెట్టీతో ఒప్పందం ప్రకారం పెట్టినవాటిలో తమవి ఉన్నాయని గెట్టీ, ఐస్టాక్ ఫోటోగ్రాఫర్లు 2013 జనవరిలో తెలుసుకున్నారు. ముందు ఎవరూ చెప్పలేదు, అడగలేదు. చాలామందికి ఒక్కో ఫోటోకి దక్కింది 12 డాలర్లు. ఒక్కసారికే. కోట్లమంది వాడే చోట, ఎప్పటికీ ఉండే ఫోటోకి! ఏళ్ల తరబడి దాని మీద వచ్చే అమ్మకాలు ఇక రావు, ఊరికే దొరికేదాన్ని ఎవరు కొంటారు? ఫిబ్రవరి 2న ఒక రోజు పెట్టుకుని చాలామంది తమ ఫోటోలు ఐస్టాక్ సైట్‌లోంచి తీసేశారు. వేల ఫోటోలు పోయాయి. ఎన్నో ఏళ్లు కష్టపడి పెంచుకున్న పోర్ట్‌ఫోలియోని, అంటే అమ్మకానికి పెట్టిన తమ ఫోటోలన్నిటినీ, తమ చేత్తోనే ఖాళీ చేసుకున్నారు. పంటని రోడ్డు మీద పారబోసే రైతుని చూసినవాళ్లకి ఆ కడుపుమంట వేరే చెప్పక్కర్లేదు.

నా ఏజెన్సీ వేరు. ఆ ఒప్పందంతో నాకు సంబంధం లేదు. అయినా ఆ రాత్రి గూగుల్ డ్రైవ్‌లో ఒక ఖాళీ స్లైడు తెరిచి, చిల్లీ అని కొట్టి, ఒక్కో ఫోటో చూసుకుంటూ కిందికి వెళ్లాను. చేతులు వణికాయి. అత్త కనపడలేదు. అప్పటికి నాన్న పోయి నాలుగు నెలలు. ఉండి ఉంటే ఇదంతా ఆయనకి ఎలా చెప్పేవాణ్ణో!

ఆ తర్వాత ఏడేళ్లు పెద్దగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఫోటోలు పెరిగాయి, నావి 3,000 దాటాయి. అమ్మకాలు పెరిగినా డబ్బు పెరగలేదు. పెళ్లిళ్లతో ఇల్లు గడిచేది, స్టాక్ డబ్బు పిల్లాడి ఫీజుకి ఆసరా.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఏప్రిల్, మే ముహూర్తాలన్నీ పోయాయి. తీసుకున్న అడ్వాన్సులు వెనక్కి ఇచ్చేశాను, ఇవ్వకపోతే వాళ్ల మొహం చూడలేను. ఆ రెండు నెలలూ ఇంట్లోకి వచ్చిన డబ్బు స్టాక్ ఫోటోలదే. సరిగ్గా అప్పుడే ఏజెన్సీ నుంచి మెయిల్. కొత్త పద్ధతి. మెట్లు పెట్టారు, కింది మెట్టులో ఉన్నవాళ్లకి వందకి 15. అమ్మకాలు పెరిగేకొద్దీ పైకెక్కొచ్చు, కానీ జనవరి 1 రాగానే అందరూ మళ్లీ కింది మెట్టుకే. పన్నెండేళ్ల నుంచి ఉన్నవాడైనా, నిన్న చేరినవాడైనా ఒకటే. సబ్‌స్క్రిప్షన్ అమ్మకాలకి కనీసం 10 సెంట్లు. ఏడున్నర రూపాయలు. 2008లో 12, 2020లో ఏడున్నర. ఈ పన్నెండేళ్లలో కిలో కందిపప్పు ధర ఎక్కడికి పోయిందో అందరికీ తెలుసు.

నిరసనగా చాలామంది పోర్ట్‌ఫోలియోలు ఆపేశారు. నన్నూ ఆపమన్నారు. బటన్ దాకా వెళ్లాను. పక్క గదిలో పిల్లాడు ఆన్‌లైన్ క్లాసు వింటున్నాడు, ఆ ఫోను ఈఎంఐలో కొన్నది. ఆపలేకపోయాను. ఆపినవాళ్లంటే నాకు ఇప్పటికీ గౌరవం. నేను చేసింది ఒక్కటే, అత్త ఫోటో మాత్రం అమ్మకంలోంచి తీసేశాను. అప్పటికి అది 1,140 సార్లు అమ్ముడుపోయింది. పన్నెండేళ్లకి మొత్తం 412 డాలర్లు. తీసేసినా అంతకుముందు కొన్నవాళ్ల దగ్గర అది అలాగే ఉంటుంది. ఆ ఫారంలో ఉన్న 'ఎప్పటికైనా' అన్న మాటకి అర్థం అదే.

2023లో ఇంకో మెయిల్. నా ఫోటోలు ఏఐకి శిక్షణ ఇవ్వడానికి వాడారట, అందుకు నా వాటా ఇంత అని. వాడే ముందు నన్ను అడగలేదు. వద్దనుకునేవాళ్లకి ఆపుకునే అవకాశం ఆ తర్వాత ఇచ్చారు. మా అబ్బాయి కుతూహలం కొద్దీ ఒక ఏఐలో 'ఆంధ్రాలో మిరపకాయలు ఏరే ముసలావిడ' అని ఇంగ్లీషులో కొట్టాడు. నాలుగు బొమ్మలు వచ్చాయి. వెలుతురు బాగుంది. ముక్కుపుడక ఉంది. ఆవిడ ఒక్కో మిరపకాయని పువ్వులా రెండు వేళ్లతో పట్టుకుని నవ్వుతోంది, మూతికి గుడ్డ లేదు. మా అబ్బాయి బాగుందన్నాడు. వాడికి చెప్పాను, ఆ ఘాటులో మూతికి గుడ్డ లేకుండా ఒక్క నిమిషం కూర్చోలేరని.

2024లో, సంక్రాంతి ఇంకా పది రోజులుందనగా అత్త పోయింది. కల్లంలో అప్పటికి కాయలు పోశారు. ఎవరూ ఏరట్లేదు. కర్మకి ఫ్లెక్సీ వేయించాలని బావ చిలకలూరిపేట వెళ్లాడు. అత్తకి మంచి ఫోటో ఇంకొకటి లేదు, ఎప్పుడూ పనిలో ఉండే మనిషి. ఫ్లెక్సీ షాపతను బావ చెప్పింది విని, ఇంటర్నెట్‌లో వెతికి, ఎక్కడో మిగిలిపోయిన ఆ మిరపకాయల ఫోటో పట్టుకున్నాడు. ప్రూఫ్ వాట్సాప్‌లో నాకు వచ్చింది. అత్త నుదుటి మీదుగా, కళ్ల మీదుగా, కొననివాళ్లు వాడుకోకుండా వేసే ఏజెన్సీ వాటర్‌మార్క్. అడ్డంగా, నిలువునా, బూడిదరంగులో.

"ఆ గీతలు తీసెయ్యొచ్చంట, రెండొందలు ఎక్కువ అడుగుతున్నాడు" అన్నాడు బావ ఫోన్లో.

"ఏం తియ్యొద్దు బావా, నేను వస్తున్నా" అన్నాను.

హార్డ్ డిస్క్ జేబులో పెట్టుకుని బండి మీద వెళ్లాను. అసలు ఫైలు తెరిచాం. షాపు కుర్రాడు స్క్రీన్ మీద పెద్దది చేస్తూ, "ఇంత క్లారిటీ ఉందేంటండీ" అన్నాడు. చేతి గాజుల మధ్య ఇరుక్కున్న మిరపగింజ కూడా కనపడుతోంది. పదహారేళ్లుగా నా దగ్గరున్న ఫోటోలో ఆ గింజని నేనెప్పుడూ గమనించలేదు.

ఫ్లెక్సీ కాకుండా, గుంటూరు ల్యాబ్‌లో మంచి కాగితం మీద ఒక ప్రింటు కూడా వేయించాను. పన్నెండు బై పద్దెనిమిది. వెనక నాన్న చేతిరాతని గుర్తు చేసుకుంటూ నంబరు, పేరు, ఊరు, తేదీ రాశాను. బావ ఎంతయ్యిందని అడిగాడు. ఏమీ లేదని చెప్పి, మేకు ఎక్కడ కొట్టాలో చూడమన్నాను.